బద్ధకం కాదమ్మా... మీవారికి థైరాయిడ్ ఉందేమో చూపించండి!

"థైరాయిడా? అది ఆడవాళ్ళకు కదా వచ్చేది! మావాడికెందుకు వస్తుంది?"

మా చెల్లెలి అత్తగారు అన్న మాట ఇది. ఆవిడనే అనుకోవడమెందుకు? బందరులో మా వీధిలో పదిమంది ఇల్లాళ్ళను అడిగితే తొమ్మిదిమంది అదే అంటారు. నిన్నమొన్నటి దాకా నేనూ అలాగే అనుకున్నాను. మా చెల్లెలి కాపురంలో రెండేళ్ళపాటు జరిగింది కళ్ళారా చూశాక, నలుగురికీ చెప్పాలనిపించి రాస్తున్నాను. చెల్లెలు ఒప్పుకునే రాస్తున్నాను. పేర్లు మాత్రం వద్దంది.

మా పిన్ని కూతుర్ని దివిసీమలో ఇచ్చారు. చల్లపల్లి దాటి లోపలికి వెళ్ళాలి. అయిదెకరాల మాగాణి. సార్వా వరి, కోతలయ్యాక మినుము. మరిది కష్టజీవి. 1977 నవంబరు 19 ఉప్పెనలో తాటిచెట్టు పట్టుకుని బతికి బయటపడ్డ మనిషి కొడుకు. చీకటితో లేచి చేలోకి వెళ్ళేవాడు. ఊడ్పుల రోజుల్లో కూలీలతో సమానంగా వంగేవాడు. అలాంటి మనిషి ముప్పై ఆరేళ్ళకే ముసలాడిలా తయారయ్యాడు.

పొద్దున ఎనిమిదైనా లేవడు. అన్నం తిన్నాక మళ్ళీ పడక. మే నెల ఎండల్లో కూడా ఫ్యాను తగ్గించమంటాడు. ముఖం ఉబ్బింది. గొంతు బొంగురు పోయింది. తిండి పెరగలేదు కానీ పొట్ట పెరిగింది. రాత్రయితే గురక. ఇక చెల్లెలి వంక చూడటమే మానేశాడు. చెయ్యి తగిలితే అటు తిరిగి పడుకునేవాడు.

"ఏంటండీ, ఒంట్లో బాగోలేదా?" అంటే, "బానే ఉంది, విసిగించకు" అని కసిరేవాడు.

అత్తగారు కొడుకును బద్ధకిష్టి అన్నారు. ఊళ్ళోవాళ్ళు తాగుడు మరిగాడేమో అన్నారు. మా చెల్లెలు ఏమనుకుందో మీరు ఊహించగలరు. "అక్కా, ఆయనకు బయట ఎవరో ఉన్నారేమోనే" అని నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది.

వాళ్ళకు ఎనిమిదేళ్ళ పాప. రెండో కాన్పు కోసం చూస్తున్నారు. చెల్లెలికి రెండుసార్లు స్కానింగులయ్యాయి, రక్తపరీక్షలయ్యాయి. అన్నీ బాగానే ఉన్నాయి. మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకుని ప్రదక్షిణలూ చేసింది. మొక్కు మొక్కే, తప్పు లేదు. కానీ ఇంతమంది పెద్దవాళ్ళున్న ఇంట్లో ఒక్కరికైనా "అబ్బాయిని కూడా ఒకసారి డాక్టరుకు చూపిద్దాం" అని తోచలేదు!

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటి కథ లేదూ? ఉంటే ఇక్కడి నుంచి కాస్త శ్రద్ధగా చదవండి.

మెడలో సీతాకోకచిలుక

మెడ ముందు భాగంలో, గొంతుముడికి కొంచెం కింద, సీతాకోకచిలుక రెక్కలు విప్పుకున్నట్టుండే చిన్న గ్రంథి థైరాయిడ్. ఆడవాళ్ళకూ ఉంటుంది, మగవాళ్ళకూ ఉంటుంది. మనం తిన్న తిండిలోని అయోడిన్ తీసుకుని అది థైరాక్సిన్ అనే హార్మోను తయారుచేస్తుంది. ఒంట్లో ప్రతి కణమూ ఎంత వేగంగా పనిచెయ్యాలో చెప్పేది ఈ హార్మోనే.

మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఇది గ్యాస్‌పొయ్యి మీద మంట తిప్పే మర లాంటిది. మంట తగ్గిపోతే కూర ఉడకదు, పప్పు మెదగదు. దీన్ని హైపోథైరాయిడ్ అంటారు. మంట మరీ పెద్దదైతే కూర అడుగంటుతుంది. అది హైపర్ థైరాయిడ్.

ఈ మరను చూసుకునే పెద్ద ఒకటి మెదడు కింద ఉంది. దాని పేరు పిట్యూటరీ గ్రంథి. థైరాయిడ్ సరిగ్గా పనిచెయ్యకపోతే "ఇంకా చెయ్యి, ఇంకా చెయ్యి" అని టీఎస్‌హెచ్ అనే హార్మోను పంపి పోరుపెడుతుంది. అందుకే థైరాయిడ్ నీరసించిన మనిషి రక్తంలో టీఎస్‌హెచ్ అంకె పెరుగుతుంది. "అంకె ఎక్కువుంది కాబట్టి థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తోంది" అని చాలామంది పొరబడతారు. నిజం దానికి తలకిందులు.

ఈ జబ్బు ఆడవాళ్ళలో ఎక్కువన్న మాట నిజమే. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో హైదరాబాదుతో కలిపి మన దేశంలో 8 నగరాల్లో పరీక్షలు చేస్తే, 100 మందిలో దాదాపు 11 మందికి హైపోథైరాయిడ్ కనిపించింది. ఆడవాళ్ళలో 100కి 16 మంది దాకా, మగవాళ్ళలో 5 మంది దాకా ఉన్నారు. అయిదుగురంటే తక్కువా చెప్పండి? వందమంది మగవాళ్ళు కూర్చున్న పెళ్ళి పందిట్లో అయిదుగురన్నమాట! "అది ఆడవాళ్ళ జబ్బు" అన్న మాట పట్టుకుని కూర్చుంటే ఆ అయిదుగురినీ ఎవరూ పట్టించుకోరు.

పందెం కోడి చెప్పిన పాఠం

ఇప్పుడు రెండో హార్మోను సంగతి. దాని పేరు టెస్టోస్టిరాన్. మగవాడి గొంతు, గడ్డం, కండబలం, దాంపత్యంలో కోరిక, వీర్యకణాల తయారీ, వీటన్నిటికీ ఇదే ఆధారం. ఇది ముఖ్యంగా వృషణాల్లో తయారవుతుంది.

సంక్రాంతికి మన డెల్టా ఊళ్ళలో పందెం కోళ్ళను చూస్తారు కదా! 1849లో జర్మనీలో బెర్తోల్డ్ అనే శాస్త్రజ్ఞుడు కోడిపుంజుల మీదే ప్రయోగం చేశాడు. పుంజుల వృషణాలు తీసేస్తే తలమీది జుట్టు ముడుచుకుపోయింది, కూత పోయింది, పోట్లాట మానేశాయి. కొన్నిటికి వృషణాన్ని పొట్టలో తిరిగి అమరిస్తే మళ్ళీ కూశాయి, మళ్ళీ కలబడ్డాయి. అంటే వృషణం నుంచి ఏదో పదార్థం రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతోందన్నమాట. ఆ పదార్థాన్ని విడదీసి టెస్టోస్టిరాన్ అని పేరుపెట్టింది 1935లో.

పుంజు కూత మానేస్తే దానికి పొగరనీ, బద్ధకమనీ అనం కదా. మనిషి విషయంలో మాత్రం అలాగే అంటాం!

ఈ రెండిటికీ సంబంధమేమిటి?

మెడలో గ్రంథి ఎక్కడ, మగ హార్మోను ఎక్కడ అనుకుంటున్నారా? రెండిటికీ పెద్ద ఒక్కరే. ఆ పిట్యూటరీయే! వృషణాలకు "టెస్టోస్టిరాన్ తయారుచెయ్యండి" అని కబురు పంపేదీ అదే.

థైరాయిడ్ మంట తగ్గినప్పుడు మూడు నాలుగు రకాలుగా దెబ్బ తగులుతుంది.

మొదటిది, పైనుంచి వచ్చే కబురు బలహీనపడుతుంది. వృషణాలు చెయ్యాల్సినంత పని చెయ్యవు.

రెండోది, థైరాయిడ్‌ను పోరుపెట్టే గొడవలో మెదడు నుంచి ప్రోలాక్టిన్ అనే ఇంకో హార్మోను కొందరిలో ఎక్కువగా వస్తుంది. బాలింతలకు పాలు పడేది దీనివల్లే. మగవాడిలో ఇది పెరిగితే కోరికను అణిచేస్తుంది, టెస్టోస్టిరాన్‌ను తగ్గిస్తుంది.

మూడోది, టెస్టోస్టిరాన్‌ను రక్తంలో మోసుకెళ్ళే ఒక ప్రోటీన్ ఉంది. బస్సు లాంటిదనుకోండి. థైరాయిడ్ తగ్గితే ఈ బస్సులూ తగ్గుతాయి. దాంతో పరీక్షలో మొత్తం టెస్టోస్టిరాన్ అంకె ఇంకా తక్కువగా కనిపిస్తుంది.

నాలుగోది, నీరసం, బరువు, గురక, దిగులు. ఇవన్నీ కలిసి మనిషిని పడకగదిలో మరీ నిస్సహాయుణ్ణి చేస్తాయి. గురకతో నిద్ర సరిగ్గా లేకపోయినా, పొట్ట పెరిగినా టెస్టోస్టిరాన్ ఇంకా పడిపోతుంది.

2005లో ఇటలీ డాక్టర్లు థైరాయిడ్ జబ్బున్న 48 మంది మగవాళ్ళను పరిశీలించారు. అందులో హైపోథైరాయిడ్ ఉన్నవాళ్ళు 14 మంది. వాళ్ళలో 9 మందికి కోరిక తగ్గడం, అంతేమందికి అంగస్తంభన సరిగ్గా లేకపోవడం కనిపించాయి. థైరాయిడ్‌కు మందు వాడాక చాలామంది కోలుకున్నారు. మనకు కావలసిన మంచి కబురు అదే. థైరాయిడ్‌వల్ల పడిపోయిన టెస్టోస్టిరాన్, థైరాయిడ్ సర్దుకుంటే సాధారణంగా తనంతట తనే లేస్తుంది.

మంట ఎక్కువైనా ముప్పే

థైరాయిడ్ మరీ ఎక్కువగా పనిచేసినా సంసారానికి చేటే. ఆ మనిషి చిక్కిపోతాడు. బాగా తింటాడు, ఒంటికి పట్టదు. గుండెదడ, చేతుల వణుకు, చెమటలు, చిరాకు. కొందరికి కళ్ళు ముందుకు పొడుచుకొచ్చినట్టవుతాయి. ఇలాంటివారిలో శీఘ్రస్ఖలనం ఎక్కువ. కొందరికి రొమ్ములు పెరుగుతాయి. అది చెప్పుకోలేక చొక్కా విప్పడం మానేస్తారు.

ఇక్కడొక తిరకాసుంది. వీళ్ళలో ఇందాక చెప్పిన బస్సులు మరీ ఎక్కువవుతాయి. టెస్టోస్టిరాన్ అంతా బస్సుల్లోనే కూర్చుని ఉంటుంది కానీ దిగి పనిచేసేది ఆ లెక్కన పెరగదు. పైగా కొంత భాగం ఆడ హార్మోనుగా మారిపోతుంది. కాగితం మీద అంకె ఘనంగా ఉంటుంది, మనిషి మాత్రం బాధపడుతుంటాడు. అందుకే ఒక్క అంకె చూసి "అంతా బాగుంది" అనుకోకూడదు.

శ్రీవారిలో ఈ గుర్తులున్నాయా?

మగవాళ్ళు డాక్టరు దగ్గర నోరు విప్పరు. గమనించాల్సింది మనమే. కింద చెప్పినవాటిలో నాలుగైదు కలిసి కొన్ని నెలలుగా ఉంటే పరీక్ష చేయించండి.

• ఎంత పడుకున్నా తీరని నీరసం, మగత
• అందరికీ ఉక్కపోస్తుంటే తనకు చలి వెయ్యడం
• చర్మం పొడిబారడం, జుట్టు పలచబడటం, కనుబొమల చివర్లు రాలడం
• గొంతు బొంగురుపోవడం, ముఖం ఉబ్బడం
• మలబద్ధకం
• కండరాల నొప్పులు, మెట్లెక్కుతుంటే పిక్కలు పట్టెయ్యడం
• కారణం లేకుండా కొలెస్ట్రాల్ పెరగడం
• మతిమరుపు, దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం
• దాంపత్యం మీద కోరిక తగ్గడం, సంతానం ఆలస్యం కావడం

ఇంట్లో ఇంకెవరికైనా థైరాయిడ్ ఉందేమో కూడా గుర్తుచేసుకోండి. ఇది అంటుకునే జబ్బు కాదు. కానీ రక్తసంబంధీకుల్లో వచ్చే అవకాశం ఎక్కువ. మీకు థైరాయిడ్ ఉంటే మీ అన్నదమ్ములు ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది. మేనరికం పెళ్ళిళ్ళయితే భార్యాభర్తలిద్దరిదీ ఒకే రక్తం కాబట్టి ఇంకాస్త కనిపెట్టి ఉండండి.

పరీక్షలు ఎప్పుడు, ఎలా?

రక్తపరీక్షకు ఎక్కడో దూరం వెళ్ళక్కర్లేదు. బందరు, గుడివాడ, అవనిగడ్డల్లో లాబులున్నాయి. బందరులో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా మొదలైంది. హార్మోన్ల స్పెషలిస్టే కావాలంటే విజయవాడ వెళ్ళొచ్చు. కానీ మొదటి అడుగు మీ ఊరి ఎంబీబీఎస్ డాక్టరుగారి దగ్గరే వెయ్యొచ్చు.

థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, దాంతోపాటు ఫ్రీ టీ4 చేయిస్తే మంచిది. టీఎస్‌హెచ్ సాధారణంగా 0.4 నుంచి 4 లోపు ఉండాలి. లాబును బట్టి కాస్త తేడా ఉంటుంది. కొద్దిమందిలో జబ్బు థైరాయిడ్‌లో కాక పైనున్న పిట్యూటరీలోనే ఉంటుంది. అలాంటప్పుడు టీఎస్‌హెచ్ మామూలుగానే కనిపించినా టీ4, టెస్టోస్టిరాన్ రెండూ తక్కువుంటాయి. అది డాక్టరు లోతుగా చూడాల్సిన విషయం.

టెస్టోస్టిరాన్ పరీక్షకు మాత్రం వేళ ముఖ్యం. ఈ హార్మోను తెల్లవారుజామున ఎక్కువుండి సాయంత్రానికి తగ్గుతుంది. అందుకని పొద్దున 7 నుంచి 10 లోపు పరగడుపున రక్తం ఇవ్వాలి. పొలం పని ముగించుకుని సాయంత్రం వెళ్ళి ఇస్తే అంకె తక్కువొచ్చి లేనిపోని కంగారు. డెసిలీటరుకు 300 నానోగ్రాముల కంటే తక్కువొస్తే ఇంకో రోజు పొద్దున మళ్ళీ చేయించి గాని నిర్ణయానికి రారు. జ్వరంలో ఉన్నప్పుడు ఈ పరీక్ష వద్దు.

జుట్టు కోసమో గోళ్ళ కోసమో బయోటిన్ మాత్రలు వాడుతుంటే ఆ మాట ముందే చెప్పండి. ఆ మాత్ర థైరాయిడ్ అంకెల్ని తారుమారు చేస్తుంది. రెండు రోజుల ముందు నుంచి మానెయ్యమంటారు.

ఇంకొక మాట. టెస్టోస్టిరాన్ తగ్గడానికి థైరాయిడ్ ఒక్కటే కారణం కాదు. షుగరు, స్థూలకాయం, తాగుడు, పెద్దయ్యాక వచ్చిన గవదబిళ్ళలు వృషణాలకు పాకడం, కొన్ని రకాల మందులు... ఇలా చాలా ఉన్నాయి. ఏ కారణమో తేల్చాల్సింది డాక్టరుగారే.

మాత్రకో పద్ధతుంది

థైరాయిడ్ తగ్గినవారికి ఇచ్చేది లెవోథైరాక్సిన్ మాత్ర. మన ఒంట్లో తయారయ్యే హార్మోనే అది. దీనికి చాలా చరిత్రే ఉంది. 1891లో ఇంగ్లండులో మర్రే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ సారం తీసి 46 ఏళ్ళ స్త్రీకి ఇచ్చాడు. కదల్లేని ఆవిడ కోలుకుని ఇంకో 28 ఏళ్ళు బతికింది. మన అదృష్టం, ఇప్పుడు గొర్రెల అవసరం లేదు. మందుల షాపులో చవకగా దొరికే చిన్న మాత్ర చాలు.

కానీ వేసుకునే పద్ధతి తప్పితే ఫలితం సగమే. ఇక్కడే ఇల్లాలి పని మొదలవుతుంది.

• పొద్దున్నే పరగడుపున, ఒట్టి మంచినీళ్ళతో వేసుకోవాలి.
• తర్వాత అరగంట నుంచి గంట వరకు కాఫీ, టీ, పాలు, టిఫిను ఏవీ వద్దు. మన డెల్టా మగవాళ్ళకు లేవగానే కాఫీ పడాలి కదా, అక్కడే చిక్కు!
• కాల్షియం, ఐరన్ మాత్రలుంటే నాలుగు గంటల ఎడం ఉండాలి. అసిడిటీ మందు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి.
• మాత్రల సీసా పొయ్యి పక్కన, స్నానాల గదిలో, కిటికీ ఎండలో పెట్టకండి. వేడికీ తేమకీ మందు బలం తగ్గుతుంది.
• ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్ళీ టీఎస్‌హెచ్ చేయించాలి. వారానికోసారి చేయించినా లాభం లేదు. ఒంట్లో మందు కుదురుకోవడానికి అంత సమయం పడుతుంది.
• బాగుందని సొంతంగా మానెయ్యకూడదు. చాలామందికి ఇది జీవితాంతం మందే. వయసు మళ్ళినవారికి, గుండెజబ్బున్నవారికి తక్కువ మోతాదుతో మొదలుపెడతారు.

వంటింట్లో ఏం చెయ్యాలి?

ఉప్పుతో మొదలుపెడదాం. సముద్రం పక్కనే ఉన్నాం, మనకు అయోడిన్ లోటేమిటి అనుకుంటాం. కానీ సముద్రపు నీటిని ఎండబెట్టి తీసిన రాళ్ళ ఉప్పులో అయోడిన్ మిగిలేది చాలా తక్కువ. ఉప్పుమళ్ళ నుంచి నేరుగా తెచ్చుకున్న ఉప్పుకు తెలుపుంటుంది, రుచి ఉంటుంది, అయోడిన్ మాత్రం కలపాల్సిందే. అందుకే అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మకూడదని 2006 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. ఆవకాయకు రాళ్ళ ఉప్పు వాడుకుంటే వాడుకోండి, రోజూ కూరల్లోకి మాత్రం అయోడిన్ ఉప్పే వెయ్యండి. మూత గట్టిగా పెట్టండి, పొయ్యికి దూరంగా ఉంచండి, కూర దించేముందు కలపండి.

చేపల సంగతి. గిలకలదిండి రేవుకొచ్చే సముద్రపు చేపల్లో, చందువా, వంజరం, కానాగడతల్లాంటివాటిలో, అయోడిన్ బాగా ఉంటుంది. గుడివాడ వైపు చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతుల్లో మాంసకృత్తులు దండిగా ఉన్నా అయోడిన్ తక్కువ. రెండూ తినొచ్చు, మార్చి మార్చి వండండి. గుడ్లు, పాలు, పెరుగులోనూ కొంత అయోడిన్ దొరుకుతుంది.

క్యాబేజీ, కాలీఫ్లవర్ పూర్తిగా మానెయ్యాలా? అక్కర్లేదు. ఉడికించి మామూలుగా తింటే భయం లేదు. సోయా, మీల్‌మేకర్ మాత్రం మాత్ర వేళకు దూరంగా ఉంచండి.

అయోడిన్ మంచిదని సముద్రపు నాచు మాత్రలూ అవీ కొనకండి. అతి అయితే అదీ థైరాయిడ్‌కు చేటే. మరొక నిజం కూడా చెప్పుకోవాలి. ఇప్పుడు మనవైపు కనిపించే హైపోథైరాయిడ్‌లో చాలాభాగం, ఒంట్లోని రక్షణ శక్తి పొరపాటున సొంత గ్రంథి మీదే దాడి చెయ్యడంవల్ల వచ్చేది. దానికి తిండితో వైద్యం లేదు, మాత్రే వైద్యం.

లాడ్జి వైద్యుల జోలికి పోవద్దు

గోడలమీద రాతలు చూస్తూనే ఉంటాం. "మగతనం", "రహస్య వ్యాధులు", "ఒక్క కోర్సుతో గ్యారంటీ". మా మరిది కూడా ఎవరికీ చెప్పకుండా అలాంటి ఒకరి దగ్గర పొడులు కొన్నాడని తర్వాత బయటపడింది. మినుము డబ్బులన్నీ అక్కడే పోశాడు. పొడిలో ఏముందో దేవుడికే తెలియాలి. జబ్బు తగ్గలేదు సరికదా, ఆరు నెలలు వృథా అయ్యాయి.

ఇంకో ప్రమాదం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు. తక్కువుంది కదా, పొడిపించుకుంటే పోతుందనుకుంటారు. బిడ్డలు కావాలనుకునేవారికి అది ఎదురుతిరుగుతుంది. బయటనుంచి హార్మోను వస్తోందని పిట్యూటరీ తన కబురు ఆపేస్తుంది. దాంతో వీర్యకణాల తయారీ పడిపోతుంది. థైరాయిడ్ తేడా ఉంటే ముందు దాన్ని సరిచేసి, తర్వాత టెస్టోస్టిరాన్ మళ్ళీ చూసుకోవాలి. అప్పటికీ తక్కువుంటేనే మిగతా ఆలోచన.

మీ సందేహాలు

నాకూ థైరాయిడ్ ఉంది. నా మాత్రలే ఆయనకూ ఇవ్వొచ్చా?

వద్దు. మోతాదు ఎవరిది వారిదే. ఎక్కువైతే గుండెదడ, ఎముకల బలహీనత వస్తాయి.

థైరాయిడ్ బాగానే ఉంది. అయినా హుషారుకో, బరువు తగ్గడానికో ఈ మాత్ర వాడొచ్చా?

అసలు వాడకూడదు. అడుగంటే పొయ్యి కథ గుర్తుందిగా!

మందు మొదలుపెట్టిన ఎన్నాళ్ళకు గుణం కనిపిస్తుంది?

నీరసం కొన్ని వారాల్లో తగ్గడం మొదలవుతుంది. కోరిక, సంతానానికి సంబంధించిన మార్పులకు నెలలు పడుతుంది. వీర్యకణం తయారవడానికే రెండున్నర నెలలు కావాలి. తొందరపడి ఆయన్ని సతాయించకండి.

ఇక మా చెల్లెలి సంగతి

పోయిన ఏడాది మాఘమాసంలో కాళ్ళ నొప్పులని మరిదిని బందరు తీసుకొచ్చారు. డాక్టరుగారు నాడి పట్టుకుని ఆశ్చర్యపోయారు. చాలా నెమ్మదిగా కొట్టుకుంటోంది. మడమ వెనక చిన్న సుత్తితో తట్టి చూశారు. పాదం కదిలి, తిరిగి రావడానికి తీరిగ్గా టైము తీసుకుంది. కొలెస్ట్రాల్ ఎక్కువ. థైరాయిడ్ పరీక్ష రాశారు.

మరిది బయటకు వెళ్ళాక మా చెల్లెలు ఆగింది. నేను పక్కనే ఉన్నాను. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, నేల చూపులు చూస్తూ, "డాక్టరుగారూ, ఇంకో మాటండీ... రెండేళ్ళుగా మా ఇద్దరి మధ్య ఏమీ లేదండీ" అంది. ఆ ఒక్క మాట అనడానికి అది రాత్రంతా ధైర్యం కూడగట్టుకుందని నాకు తెలుసు.

డాక్టరుగారు నవ్వలేదు, చిరాకుపడలేదు. "మంచిపని చేశావమ్మా. ఆయన ఈ మాట చెప్పేవాడు కాదు" అని ఇంకో పరీక్ష రాశారు, మర్నాడు పొద్దున పరగడుపున రమ్మన్నారు.

టీఎస్‌హెచ్ 100 దాటింది. టెస్టోస్టిరాన్ 180. "ముందు థైరాయిడ్ మందు వాడదాం. రెండోదానికి ఇప్పుడే ఏమీ వద్దు" అన్నారు. ఆ కాగితం చేతిలో పెట్టుకుని మరిది బల్లమీద కూర్చుండిపోయాడు. చాలాసేపటికి, "వదినా, నేను చేతకానివాడినైపోయాననుకున్నాను. జబ్బా ఇది?" అన్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. రెండేళ్ళు ఒకే కప్పు కింద ఉండి, ఆయన తనను తాను తిట్టుకుంటూ, ఇది తన అందాన్నీ తలరాతనూ తిట్టుకుంటూ బతికారు. ఒకరి మనసులో ఏముందో ఇంకొకరికి తెలియదు!

రెండు నెలలకు ముఖం ఉబ్బు దిగింది. నాలుగు నెలలకు గొంతు మామూలైంది. సార్వాకు ఆయనే నారుమడి దున్నించుకున్నాడు. ఆరు నెలల తర్వాత పరీక్షలో టీఎస్‌హెచ్ 3, టెస్టోస్టిరాన్ 420. ఏ ఇంజెక్షనూ లేకుండానే!

మొన్న సంక్రాంతికి వెళ్ళాను. అత్తగారు ఇప్పుడు ఊరందరికీ థైరాయిడ్ గురించి ఉపన్యాసం ఇస్తున్నారు. రెండో బిడ్డ మాటెత్తితే, "వస్తే వస్తుంది అక్కా, ఇప్పుడు ఆ తొందర లేదు" అని నవ్వేసింది చెల్లెలు.

తెల్లారి లేచి చూద్దును కదా, అయిదున్నరకే మరిది అరుగుమీద కూర్చుని ఉన్నాడు. మాత్ర వేసుకున్నాడు. గంటదాకా కాఫీ లేదు. చెల్లెలు కూడా తాగకుండా ఆయన పక్కనే కూర్చుంది. "మా ఇంట్లో కాఫీ ఇప్పుడు గంట ఆలస్యమే అక్కా. ఆ గంటా ఇద్దరం ఏదో ఒకటి మాట్లాడుకుంటాం" అంది.

మీ ఇంట్లో ఆ మాటలు ఆగిపోయి ఉంటే అలగకండి, అనుమానించకండి. ముందు ఓ రక్తపరీక్ష చేయించండి.